ఎస్పెరాంతో మొదటి సూత్రము

గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె నన్నొక ప్రశ్న యడిగినది. నేను గౌతమీతీరమున కపిలేశ్వరపురమునందు ఇంగ్లీషును, అక్కఱ పడినప్పుడు సంస్కృతమును జెప్పు బడిపంతులను. ఆనాఁడు పిల్లల వ్రాఁతపుస్తకములు దిద్దుచుంటిని. ఆ బాలిక ‘గాడ్’ అను మాటకు ముందు ‘ది’ చేర్చినది. ‘సన్’ అను మాటకు ముందు మానినది. రెండును దప్పులే యని యెఱ్ఱసిరాతో గీఁత గీచితిని.

“మాస్టారండీ, ‘ది’ అంటే తెలుగులో ఏమిటండీ?” అని యడిగినది.

“దానికి తెలుగులో మాట లేదమ్మా” అంటిని.

“అర్థం లేని మాటకి మార్కులెందుకు పోతాయండీ?”

పిల్లలందఱు నవ్విరి. నేనును నవ్వితిని గాని, యా నవ్వు నాకే రుచింపలేదు. ఏలయన, ఇదే ప్రశ్న నా చిన్ననాఁట నాకును గలిగినది. అప్పుడు మాకు ఇంగ్లీషు చెప్పిన పెద్దమనుష్యుఁ డొకరు, తెలుఁగునందు ఆర్టికిల్ లేదనియు, అందుచేతనే మనవారికి ఒక వస్తువును నిశ్చయించి చెప్పు నేర్పు తక్కువయనియు సెలవిచ్చిరి. ఆ మాట ముప్పదియేండ్లకు పైగా నాలో నొక ముల్లువలె నున్నది. భాషలో నొక మాట లేకున్నంతనే మనస్సులో నా భావమే లేదనుట న్యాయమా? ఇంటిలో పిల్లలకు ఇంగ్లీషు పాఠములు చెప్పుకొను తల్లిదండ్రులు వేలమంది యుందురు. వారికిని ఈ సందేహము కలుగకపోదని తలఁచి యీ వ్యాసమునకుఁ గడంగితిని.

ఇంగ్లీషువానిని ‘ది’ యెందుకని యడిగిన లాభము లేదు. అది వానికి తాతలనాఁటి యాస్తి. లెక్క చెప్పవలసిన పని వానికి లేదు. ఒక భాషను పునాదినుండి తానే కట్టినవానిని మాత్రము అడుగవచ్చును. వాఁడు వేసిన ప్రతి యిటుకకును కారణ ముండవలెను. అందుచేత నేను ఎస్పెరాంతో భాష వైపు చూచితిని.

చదువరులలో నీ భాష పేరు వినినవారు కొందఱైనను నుందురు. 1859లో బియాలిస్తోక్ పట్టణమునఁ బుట్టిన లూడ్విక్ జామెన్హాఫ్ అను నేత్రవైద్యుఁడు దీనిని నిర్మించెను. ఆ పట్టణము అప్పుడు రష్యాసామ్రాజ్యములోనిది, ఇప్పుడు పోలెండులోనిది. అందు పోలులు, రష్యనులు, జర్మనులు, యూదులు తలకొక భాష మాటాడుచు, ఒకరినొకరు నమ్మక జీవించుచుండిరి. అందఱకును సమానముగఁ బరాయిదైన భాష యొకటి యున్నచో నెవరికిని చిన్నతన ముండదని యా వైద్యుని తలంపు. ఆయన తండ్రియు భాషలు చెప్పు పంతులే. 1887లో వార్సాలో ‘ఆశపడువాఁడు’ అను నర్థము గల మాఱుపేరుతో ఆయన తన మొదటి పుస్తకమును బ్రకటించెను. ఆ మాఱుపేరే భాషకుఁ బేరైనది. దాని వ్యాకరణ మంతయు పదునాఱు సూత్రములు.

ఈ భాషకు మన తెలుఁగునేలతో బొత్తిగ సంబంధము లేదనుకొనరాదు. 1989 మొదలు 2006 వఱకు హైదరాబాదు విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రము బోధించిన ప్రబాల్ దాస్‌గుప్తగారు, 2007 నుండి 2013 వఱకు విశ్వ ఎస్పెరాంతో సంఘమునకు అధ్యక్షులుగ నుండిరి. వారు వంగదేశీయులు. వారి మాతృభాషను గూర్చి ముందు ఒక మాట చెప్పవలసి యున్నది.

ఆ పదునాఱు సూత్రములలో మొట్టమొదటిది దేనిని గూర్చి? నామవాచకమును గూర్చి కాదు, క్రియను గూర్చి కాదు, ఆర్టికిల్‌ను గూర్చి! అనిశ్చితార్థమును దెలుపు ఆర్టికిల్ ఈ భాషలో లేదు; నిశ్చితార్థమును దెలుపు ‘లా’ అను నొక్కటియే కలదు; అది లింగ వచన విభక్తులనుబట్టి మాఱదు అని దాని సారము. సగము ప్రపంచమునకుఁ బరిచయములేని వస్తువును సులభభాష తన వాకిటనే నిలిపినది. చైనీయునకుఁ గాని, జపానీయునకుఁ గాని, రష్యనునకుఁ గాని, మనకుఁ గాని, తన యింట నిట్టి వస్తువు లేదు.

ఈ ‘లా’ యెక్కడిది? ఫ్రెంచి, ఇటాలియను భాషలలోని ‘లా’ తో నిది యొక్కటే. ఆ భాషలకుఁ దల్లియైన లాటిన్‌లోనో, మన సంస్కృతమునందువలెనే, ఆర్టికిల్ లేదు. లాటిన్‌లో ‘ఇల్లె’ యనఁగా ‘అతఁడు, ఆ’ యని యర్థము. జనుల నోట నాని యాని యది యరిగి, ఫ్రెంచిలో ‘లె’, ‘లా’ లును, ఇటాలియనులో ‘ఇల్’, ‘లా’ లును బుట్టినవి. ఇంగ్లీషు ‘ది’ యు ‘దట్’ అను మాట కుటుంబములోనిదే. ‘ఎ’, ‘ఆన్’ అనునవి ‘వన్’ అను మాట యొక్క యరిగిపోయిన రూపములు. అనఁగా, ఈ గొప్ప ఆర్టికిళ్లు రెండును మన ‘ఆ’, ‘ఒక’ లవంటి మాటలే. వారు వానిని బండిచక్రమువలె దినమంతయుఁ ద్రిప్పిరి, అవి యరిగినవి. మనము అక్కఱయైనప్పుడు మాత్రమే త్రిప్పితిమి, మనవి యరుగలేదు. ఈ యొక్క సంగతి నా చిన్ననాఁట నాకెవరైనఁ జెప్పియుండినచో నెంత బాగుండెడిది!

జామెన్హాఫ్ చేసిన పనిలో మెచ్చుకొనవలసినవి రెండు గలవు. ఒకటి, ‘ఒక’ అను నర్థముగల ఆర్టికిల్‌ను బూర్తిగ విడిచెను. ‘రోజో’ యనఁగా గులాబి. దానిముం దేమియు లేకున్నచో ‘ఏదో యొక గులాబి’ యనియైనను, ‘గులాబిజాతి’ యనియైనను జెల్లును. రెండవది, ‘లా’ ను గదలనీయకుండఁ జేసెను. జర్మనులో నీ ఆర్టికిల్ లింగమునకొక తీరును, విభక్తికొక తీరును దాల్చును. జామెన్హాఫ్ 1878లో తన పందొమ్మిదవ యేఁట మొదట కట్టిన ముసాయిదాభాషలో బహువచనమునకు ‘లాస్’ అను వేఱురూప ముండెను. తొమ్మిదేండ్లలో దానిని దొలఁగించెను. తన వ్రాఁతను దానే దిద్దుకొని గీఁతగీయఁగల పంతులు అరుదు.

ఇఁక లోపము. ‘లా’ ను ఎప్పుడు వాడవలెను? ఈ ప్రశ్నకు జవాబు సూత్రములో లేదు. 1905లో వెలువడిన ‘ఫుందమెంతో’ అను మూలగ్రంథమున, అభ్యాసములలో ఇరువదియేడవదానియందు, ఆయన వివరించెను. ఆ వివరణ సారము నా మాటలలోఁ జెప్పెదను. తెలిసిన మనుష్యులను గాని వస్తువులను గాని గూర్చి చెప్పునప్పుడు ‘లా’ వాడవలెను. దాని వాడుక యితర భాషలయందువలెనే. తమ భాష తప్ప మఱియొకటి యెఱుఁగని రష్యనులవంటి వారికి నిది బోధపడనిచో మొదటిలో దానిని మానవచ్చును. అది యనుకూలమైనదే గాని యావశ్యకము గాదు. ఇందు మూఁడు మాట లున్నవి. మూఁటిని వేఱువేఱుగఁ దూఁచవలెను.

‘తెలిసిన’ అనఁగా నెవరికిఁ దెలిసిన? చెప్పువానికా, వినువానికా? మా యింట నొక సాయంకాలము, “మీకోసం ఒకాయన వచ్చి వెళ్లాడండీ” యని నా భార్య చెప్పినది. ఆ వచ్చినవాని మొగము ఆమెకుఁ దెలియును, నాకుఁ దెలియదు. కాఁబట్టి ‘ఒకాయన’. మఱునాఁడు “ఆయన మళ్లీ వచ్చాడు” అనినది. ఇప్పు డిద్దఱకును దెలియును. నిశ్చయ మనునది చెప్పువాని యెఱుకమీఁద గాక వినువాని యెఱుకమీఁద నిలుచునని యామె యే వ్యాకరణమునుండియు నేర్చుకొనలేదు. చిన్నపిల్లలకుఁ జెప్పు ఏడుచేపలకథయందును రాజు మొదట ‘ఒక’ తో వచ్చును, పిమ్మట ‘ఆ’ తో నడచును, ఆ వరుసను దప్పి చెప్పిన పిల్లలే యడ్డుతగిలి “ఏ రాజు?” అందురు. వినువానికిఁ దెలిసినదని యొక్కపదము చేర్చియున్న, ఆ సూత్రము ప్రపంచములోని యే పల్లెటూరివానికైనను బోధపడెడిది.

రెండవ మాట, ‘ఇతర భాషలయందువలె’. ఏ యితర భాషలయందువలె? ఇంగ్లీషువాఁడు ‘జీవితము’ అను భావవాచకమునకు ముందు ఆర్టికిల్ వేయఁడు. ఫ్రెంచివాఁడును జర్మనువాఁడును వేయుదురు. ఫ్రెంచివాఁడు తన దేశము పేరునకును వేయును. ఇంగ్లీషువాఁడు తన దేశమునకు వేయఁడు. ముగ్గురును ‘ఇతర భాషల’ వారే. ముగ్గురును దమతమ యలవాటుతో ఎస్పెరాంతో వ్రాసినచో నెవనిది తప్పు? ఈ చిక్కువలననే 1935లో కలొచాయి, వారెంగియెన్ అను నిద్దఱు పండితులు తమ పెద్ద ఎస్పెరాంతో వ్యాకరణమునందు దీనిని విస్తరించి చర్చింపవలసివచ్చెను. పదునాఱు సూత్రములతో ముగియవలసిన శాస్త్రమునందు, మొదటి సూత్రమునకే ఇంత భాష్యము! సూత్రము చిన్నదైనంతమాత్రమున భాష సులభము గాదు. సూత్రము బయట నున్నదానిని సూత్రము లోపల నున్నట్లు చూపినచో భారము పాఠకుని మీఁదఁ బడును. పాణినిని జదివిన మనవారికి నీ సంగతి వేఱుగఁ జెప్ప నక్కఱలేదు.

మూఁడవ మాటయే నన్ను మిక్కిలి యాలోచింపఁజేసినది. తెలియనివారు మానవచ్చు ననుట దయగల మాట. ఏ వ్యాకరణకర్తయు నిట్లు చెప్పినట్లు నే నెఱుఁగను. కాని యా దయలో నొక మెట్టు ఎక్కువతక్కువ లున్నవి. ‘మొదటిలో’ అనఁగా తరువాత నేర్చుకొనవలె ననియే కదా! పుట్టుకతో ఆర్టికిల్ గలవాఁడు స్వతంత్రుఁడు, లేనివాఁడు మన్నింపఁబడినవాఁడు. పరీక్షలలోఁ గనికరపు మార్కులతో దాఁటిన బాలుని స్థితి యెట్టిదో మా పంతుళ్లకుఁ దెలియును. దాఁటినాఁడు గాని తల యెత్తి నడువలేఁడు. అందఱకును సమానముగఁ బరాయిదిగ నుండవలె నని పుట్టిన భాషకు నీ భేదము తగదు.

జామెన్హాఫ్‌నకు నీ సంగతి తెలియకపోలేదు. 1894లో, విమర్శకుల యొత్తిడివలన, భాషను సంస్కరించు ప్రతిపాదన నొకదానిని ‘లా ఎస్పెరాంతిస్తో’ పత్రికలో ఆయనయే ప్రకటించెను. అందు ఆర్టికిల్‌ను బూర్తిగఁ దీసివేసెను. చందాదారులు ఓట్లు వేసిరి. ఎక్కువమంది పాతభాషయే చాలుననిరి. అంతటితో నా ప్రతిపాదన యణఁగిపోయెను. పిమ్మట 1905లో ఫ్రాన్సులోని బులోఞ్‌నందు జరిగిన మొదటి ప్రపంచమహాసభ, ‘ఫుందమెంతో’ ను ఎవరును మార్పరాదని యంగీకరించెను. ఇందలి చమత్కారమును చదువరులు గమనింపవలెను. ‘లా’ ఆవశ్యకము గాదని చెప్పు వాక్యమే మార్పరాని గ్రంథమునఁ జేరినది. తీసివేయవచ్చునన్న వస్తువును దీసివేయుటకు వీలులేకపోయినది.

ఆర్టికిల్ లేనిదే కృత్రిమభాష నిలువదా యనినచో, అట్లును గాదు. ఎస్పెరాంతోకు ముందే, 1880 ప్రాంతమున, జర్మనీలోని ష్లేయర్ అను మతగురువు కట్టిన ‘వొలాప్యూక్’ భాషలో ఆర్టికిల్ లేదు. 1903లో ఇటలీ గణితశాస్త్రజ్ఞుఁడు పెయానో, విభక్తులు తీసివేసిన లాటిన్‌ను లోకభాషగఁ జేయఁబూనినప్పుడును ఆర్టికిల్ వేయలేదు. మఱియొకప్రక్క, 1907లో ఎస్పెరాంతోనుండి చీలిన ‘ఈదో’ ‘లా’ ను నిలుపుకొన్నది. 1951లో వెలువడిన ‘ఇంటర్లింగ్వా’ నిశ్చితానిశ్చితములకు రెండింటికిని ఆర్టికిళ్లను దెచ్చుకొన్నది. కట్టినవారెల్లరును తమ యింటి నేల చూచుకొనియే గోడలు వేసిరి.

‘లా’ వలన లాభమే లేదని నేననను. ‘పంతులు వచ్చెను’ అనినచో తెలుఁగున, మన పంతులా, ఎవరో యొక పంతులా యని సందేహము కలుగవచ్చును. కర్తృపదమున మనకుఁ గొంత యస్పష్టత కలదు. ఎస్పెరాంతోలో ‘లా’ యున్న నొక యర్థము, లేకున్న నొక యర్థము, సందేహము తీఱును. ‘అనుకూలము’ అను మాటను నేనును ఒప్పుకొందును.

అయితే మన భాష యీ పనిని ఎట్లు చేయుచున్నది? నా ప్రధాన ప్రశ్న యిదియే కాఁబట్టి కొంచెము నెమ్మదిగఁ జెప్పెదను.

మొదటిది పదముల వరుస. ‘బల్లమీఁద పుస్తక మున్నది’ యనినచో, ఏదో యొక పుస్తకము. ‘పుస్తకము బల్లమీఁద నున్నది’ యనినచో, మనము వెదకుచున్న పుస్తకము. ఒక్క మాటయైనను జేర్పలేదు, తీయలేదు, చోటు మార్చితిమి. ఇంగ్లీషులో నీ రెండు వాక్యములకు మొదటిదానియందు ‘ఎ’, రెండవదానియందు ‘ది’ తప్పక కావలెను. ఈ రెండు తెలుఁగువాక్యములను బలకమీఁద వ్రాసి, పిమ్మట వాని ఇంగ్లీషును జెప్పినచో, ఆఱవ తరగతి పిల్లలకైనను ‘ది’ యొక్క మర్మము గంటలోఁ దెలియును. ఇన్నేండ్లు నేనెందుకట్లు చేయలేదో నాకే యాశ్చర్యముగ నున్నది.

రెండవది ద్వితీయావిభక్తి. ఇదియే రసవంతమైన ఘట్టము. చిన్నయసూరిగారు 1858లో వెలువడిన బాలవ్యాకరణమున, కారకపరిచ్ఛేదమునందు, జడవాచకములకు ద్వితీయకు బదులు ప్రథమ బహుళముగ వచ్చునని విధించిరి. ‘పుస్తకమును జదివెను’ అనవచ్చును, ‘పుస్తకము చదివెను’ అనవచ్చును. ‘బహుళము’ అను మాట వైయాకరణులకుఁ జల్లని నీడ. కవిప్రయోగము లెట్లున్నను దానిక్రిందఁ గూర్చుండును. వచ్చునని సూరిగారు చెప్పిరి; ఎప్పుడు వచ్చును, ఎందుకు వచ్చును అని చెప్పలేదు. ఆ కారణము కావ్యములలోఁ గన్న వంటయింట స్పష్టముగ వినఁబడును.

మా కోనసీమలో కొబ్బరి దింపు రోజున నింటివారు “ఈవేళ కాయ దింపించాలండీ” అందురు. ఇక్కడ ‘కాయ’ కు విభక్తి లేదు. అది వస్తువు గాదు, పనికిఁ బేరు. దింపు ముగిసిన పిదప, “పెరట్లో చివరి చెట్టు కాయని దింపలేదండీ” యని యిల్లాలు కేక వేయును. ఇప్పుడు కాయకు ‘ని’ వచ్చినది. ఏ కాయయో ఆమెకుఁ దెలియును, చెట్టెక్కువానికిఁ దెలియును. “అన్నం తిన్నావా?” యని పిల్లవాని నడుగుదురు, “అన్నాన్ని పారేశావా?” యని కోపగింతురు. మొదటిది భోజనము. రెండవది కంచములో మిగిల్చిన యన్నము. సూరిగారు ‘బహుళము’ అనిన చోట మన యాఁడువారు ఇంచుమించు నియమము పాటించుచున్నారు. వాడుకభాషకును వ్యాకరణము గలదని గిడుగు రామమూర్తిగారు జీవితాంతము వాదించిరి. ఇంతకన్నఁ జక్కని సాక్ష్యము వారికిఁ గావలసినది లేదు. (ఈ వ్యాసమును మాత్రము నేను గ్రాంథికముననే వ్రాయుచున్నాను. అది నా చదువు చేసిన యలవాటు; గ్రాంథికమును గొంతవఱకు పండితులు కట్టిన భాషయే కదా!)

ఇప్పుడు ఎస్పెరాంతోను మఱల చూడుఁడు. అందును ద్వితీయావిభక్తి కలదు. అది ‘న్’ అను ప్రత్యయము. ‘మీ లెగాస్ లిబ్రోన్’ అనఁగా ‘నేను పుస్తకము చదువుచున్నాను’. ‘మీ లెగాస్ లా లిబ్రోన్’ అనఁగా ‘నేను పుస్తకమును జదువుచున్నాను’. (‘మీ’ యనఁగా నా భాషలో ‘నేను’; మనవారు మొదట దడఁబడుదురు.) కర్మకు ‘న్’ రెండుచోట్లను దప్పదు, నిశ్చయమునకు ‘లా’ వేఱుగఁ గావలెను. తెలుఁగు ఆ రెండు పనులను ఒక్క ప్రత్యయముతోఁ జేయుచున్నది. టర్కీవారి భాషయును జాలవఱకు నిట్లే నడచును. హిందీయందలి ‘కో’ యు నప్రాణివాచకముల విషయమున నీ త్రోవనే పోవును. జామెన్హాఫ్ యెదుట తెలుఁగుఁగాని టర్కీగాని యుండియున్నచో, ‘లా’ నూ ‘న్’ నూ కలిపి యొక్కటి చేసియుండెడివాఁడేమో!

అభిమానముచేఁ గన్నులు మూసికొనరాదు గనుక మన ‘ను’ యొక్క హద్దులును జెప్పవలెను. “తలుపు వెయ్యి” అందుము. ఏ తలుపో ఇద్దఱకును దెలిసినను ‘ను’ రాలేదు. “కూలివాణ్ణి పిలువు” అందుము. ఎవఁడైనను సరియే, అయినను ‘ని’ తప్పలేదు. మనుష్యులయెడ నీ ప్రత్యయము నిశ్చయమును జూడదు. ‘ఒక పుస్తకాన్ని చదివాను’ అనియు వాడుక గలదు. అప్పుడు చెప్పువాని మనస్సున నొక ప్రత్యేకపుస్తకము మెదలుచున్నదని తెలియును గాని వినువానికిఁ దెలియదు. కాఁబట్టి ‘ను’ ‘లా’ కుఁ బ్రతిబింబము గాదు. అది పదార్థమునుండి వస్తువును వేఱుచేసి చూపును. వినువాఁ డెఱుఁగునా లేదా యను ప్రశ్నను వరుసకును, ‘ఆ’, ‘ఒక’ లకును, తక్కినది సందర్భమునకును విడుచును. నాలుగు చేతులు పంచుకొని చేయు పనిని ఎస్పెరాంతో ఒక్క చేతికి నప్పగించినది.

ఆర్టికిల్ భ్రమవలన మన వచనమునకుఁ గలిగిన హానిని గూర్చియు నొక మాట. ‘ఎ’ కు ‘ఒక’, ‘ది’ కి ‘ఆ’ యని గట్టిగఁ బట్టుకొన్న యనువాదకులు ‘ఆయన ఒక వైద్యుఁడు’, ‘ఇది యొక మంచి పద్ధతి’ యని వ్రాయుచున్నారు. ‘ఆయన వైద్యుఁడు’ అనినఁ జాలదా? ఆయన యిద్దఱు వైద్యులుగ నెన్నఁడైన నుండఁగలఁడా? ‘ఆ సూర్యుఁడు ప్రకాశించెను’ అనిన తెలుఁగువాఁడు రెండవ సూర్యుని కొఱకు ఆకాశము వెదకవలసి యుండును. నేఁడు యంత్రములు చేయు అనువాదములలో నీ ‘ఒక’ లు మఱింత విరివిగఁ గనఁబడుచున్నవి. పిల్లలు వానిని జదివి తామును వ్రాయుచున్నారు. ఆశ్చర్యమేమనఁగా, ఈ విషయమున ఎస్పెరాంతో ఇంగ్లీషుకంటె మనకే దగ్గఱ. ‘తండ్రి దర్జీ’ యని చెప్పునప్పుడు అందును తండ్రికే ‘లా’ వచ్చును, దర్జీకి ముందేమియు రాదు. యూరపునఁ బుట్టిన కృత్రిమభాష కున్నంత విచక్షణ మన యనువాదకులకు లేకపోవుట విచారకరము.

వంగభాషను గూర్చి చెప్పెదనంటిని. వంగభాషలో ‘బొయి’ యనఁగా పుస్తకము. ‘బొయిటా’ యనఁగా ఆ తెలిసిన పుస్తకము. నిశ్చయము మాటకు ముందు గాక వెనుక నంటుకొన్నది. మన ప్రక్కనున్న ఒడియాలోను ‘టా’, ‘టి’ యను ప్రత్యయము లీ పని చేయుచున్నవి. విశ్వ ఎస్పెరాంతో సంఘమునకు అధ్యక్షత వహించిన వంగీయుఁడు ‘లా’ ను నేర్చుకొన్నప్పుడు, తనయింట వెనుకవాకిటనున్న వస్తువును ముందువాకిటికిఁ దెచ్చుకొన్నాఁడని చెప్పవచ్చును. మనకు నాలుగు వాకిళ్లు, అంతే భేదము.

సెలవుల తరువాత బడి తెఱచినపుడు ఆ బాలికను బిలిచి, బల్లమీఁద పుస్తకముంచి, రెండు వాక్యములను జెప్పించితిని. పిమ్మట సూర్యుని మాట యెత్తితిని. “సూర్యుడు అనగానే ఏ సూర్యుడని ఎవరైనా అడుగుతారా?” అంటిని. “అడగరండీ, ఒక్కడే కదండీ” అని, తానే కలము దీసికొని ‘సన్’ ముందు ‘ది’ చేర్చినది. అంతటితో నూరకుండక, “దేవుడూ ఒక్కడే అని మీరే చెప్పారు కదండీ, మరి అక్కడెందుకు కొట్టేశారు?” అని నిలదీసినది. దేవుఁడను మాటను ఇంగ్లీషువారు పేరువలె వాడుదురనియు, మనుష్యుల పేర్లకువలె దానికిని ‘ది’ పెట్టరనియు జెప్పితిని. కొంత తృప్తిపడినట్లు కనఁబడినది.

“మరి గోదావరి కూడా పేరే కదండీ. దానికి ‘ది’ పెట్టమన్నారు. కపిలేశ్వరపురానికి వద్దన్నారు.”

నదుల పేర్లకు ఇంగ్లీషువారు పెట్టుదురు, ఊళ్ల పేర్లకుఁ బెట్టరు, అది వారి యాచారము అంటిని. ఎస్పెరాంతో అను భాషలో సాధారణముగ నేటికిని ఊరికిని గూడ నక్కఱలేదని చేర్చితిని.

“అయితే ఆ భాషే చెప్పకూడదాండీ మాకు?” అని నవ్వుచుఁ దన చోటికిఁ బోయినది.